ఇంట్లో చేస్తే ఫ్రీ ఎలా అవుతుంది?

ఈ వేసవి సెలవుల్లో మిద్దె మీద ఆకుకూరలు వేశాను, మిషన్ కుట్టాను, పాత చీరలతో బొంతలూ సంచులూ చేశాను. చూసినవాళ్లలో సగంమంది "డబ్బులు బాగా మిగిలుంటాయే" అన్నారు. మిగతా సగం "మంచి టైంపాస్" అన్నారు. డబ్బులు పెద్దగా మిగల్లేదు. ఇక టైంపాస్ అంటారా, తిరుపతిలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో కూర్చుని మిషన్ తొక్కడం ఎవరికైనా కాలక్షేపంగా అనిపిస్తే వాళ్లకో దండం.

ఈ రెండు రకాల కన్నా నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది మూడో రకం. ఫోన్ తెరిస్తే చాలు, "బజారులో కొనడం మానేయండి, అన్నీ ఇంట్లోనే చేసుకోండి" అంటూ వీడియోలు. సబ్బు ఇంట్లో, షాంపూ ఇంట్లో, టమోటా మిద్దె మీద, బట్టలు మన మిషన్ మీద, గోడకి బొమ్మ మన చేత్తో. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అందరూ అన్నీ ఇంట్లోనే చేసుకుంటే ఆ పనుల మీదే బతికేవాళ్ల గతేంటి? పైగా ఇంట్లో అంటే ఎవరు? సబ్బు కాచేదీ, మొక్కలకి నీళ్లు పోసేదీ, హుక్కులు కుట్టేదీ ఒక్క మనిషే కదా! నా మటుకు నాకు కొన్ని పనులు ఇంట్లోనే చేసుకోవాలి, కొన్ని చేతనైనా సరే చేయకూడదు. ఏది ఏదో తేల్చుకోవడానికి ధర ఒక్కటే చూస్తే పప్పులో కాలేస్తాం.

టమోటాతోనే మొదలుపెడదాం, మిద్దె తోట అనగానే అందరికీ ముందు కావాల్సింది అదే కాబట్టి. మా కింది పోర్షన్ అక్క మార్చి చివర్లో నారు తెచ్చి గ్రో బ్యాగుల్లో నాటింది. మొక్కలు ఏపుగా లేచాయి, పూత దండిగా పట్టింది. పిందె మాత్రం పడలేదు. పూలు కాడ దగ్గర పసుపెక్కి, వేలు తగిలితే రాలిపోయేవి. "ఏదన్నా మందు కొట్టాలేమో చూడమ్మా" అని పిలిచింది. మందుతో పోయే జబ్బు కాదది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24కి దిగకపోతే టమోటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పువ్వు కాయ కాకుండానే రాలిపోతుంది. మన ఊళ్లో మే నెలలో పగలు 40 దాటడం మామూలే. రాత్రి భోజనాలయ్యాక కూడా మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయన్నారు, ఇక పువ్వెంత?

మదనపల్లె సంగతి వేరు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరది, తిరుపతి 160 దగ్గరే ఉంది. అందుకే ఇక్కడ మనకి పూత రాలిపోయే రోజుల్లో అక్కడ కాయ కోతకొస్తుంది, మార్కెట్ యార్డు క్రేట్లతో నిండుతుంది. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి మనకి ఇంత దగ్గర్లో పెట్టుకుని, నీడకి షేడ్ నెట్టు కట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కొని, వర్మి కంపోస్టు మోసి, ఎండాకాలంలో ఇన్నేసి నీళ్లు పోసి నాలుగు కాయలు కాయించడం దేనికి? 2023 జులై చివర్లో మదనపల్లెలో కిలో 200 దాకా పలికింది. అప్పుడు చూడాలి, తెలిసినవాళ్లంతా మిద్దె మీద టమోటా పెట్టాల్సిందేనన్నారు. ధర పడిపోయి కోత కూలి కూడా గిట్టక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో "రెండు కిలోలు ఎక్కువ కొని ఊరగాయ పెడదాం" అన్నవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. ధర పెరిగినప్పుడు మాత్రమే గుర్తొచ్చే స్వావలంబన మీద నాకంత నమ్మకం లేదు.

ఆకుకూరకి ఈ మాట వర్తించదు. తెల్లవారకముందే కోసి, కట్ట కట్టి, గోనె కప్పి, నీళ్లు చల్లుకుంటూ తెచ్చిన సిర్రాకు (తోటకూరలో ఒక రకం) మన వంటింటికి చేరేసరికి ఈ ఎండకి సగం ప్రాణం పోయుంటుంది. తెచ్చినవాళ్ల తప్పేం లేదు, ఎండ అలాంటిది. మిద్దె మీద కోసి కిందికి దిగి పప్పులో వేస్తే ఆ రుచే వేరు. దారిలో పాడయ్యే వస్తువుని ఇంట్లో పండించుకోవడానికి అర్థముంది. తోటకూర ఎండకి భయపడదు, నెల తిరక్కుండా కోతకొస్తుంది. కొత్తిమీర ఉత్త పిరికిది, కాస్త వేడి తగిలితే ఆకు మానేసి పూతకొస్తుంది. దాన్ని మెట్ల గది నీడకి జరపాల్సిందే. పుదీనాకీ అదే నీడ. కరివేపాకు మొక్క ఇంటికొకటి చాలు.

వేసవిలో మిద్దె తోట అంటే నిజానికి నీళ్ల పని. మాది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. కుండీల అంచున తెల్లగా పొర కడుతుంది. రోజూ కాసినికాసిని పోస్తే ఆ ఉప్పంతా వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. అందుకని అప్పుడప్పుడు అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోసి కడిగేయాలి. పైమట్టి ఎండి బీటలు వారింది కదా అని మళ్లీ పోయకూడదు. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చితే చల్లగా తగులుతుందా లేదా, అదొక్కటే గుర్తు. నల్ల బ్యాగులు నేరుగా స్లాబు మీద పెడితే వేళ్లు ఉడికిపోతాయి, కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వాలి. మట్టి తొట్టి ఒళ్లంతా చెమర్చి చల్లగా ఉంటుంది కానీ నీళ్లు ఎక్కువ తాగుతుంది. బెండాకు పైన సన్నటి తెల్ల చుక్కలు కనబడితే ఆకు తిప్పి చూడండి. కింద ఈనెల వెంట బూజులాంటి పోగులు, వాటి మధ్య సూదిమొనంత ఎర్రనల్లి కదులుతుంటుంది. పొద్దున్నే ఆకుల అడుగుభాగానికి తగిలేలా నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు అదుపులో ఉంటుంది.

కోతుల గురించి చెప్పకపోతే తిరుపతి మిద్దె తోట గురించి చెప్పినట్టే కాదు. మాది యూనివర్సిటీ వైపు, కొండకి దగ్గర. గుంపుగా వస్తాయి. మందార మొగ్గలు ఒక్కటి వదలవు, పిందెలు కొరికి చూసి పారేస్తాయి, షేడ్ నెట్టుకి ఊయలలూగుతాయి. సిర్రాకు జోలికి మాత్రం రాలేదు. నా పంటల ఎంపికలో వాటి సలహా కూడా ఉందన్నమాట.

ఇక మిషన్. లైనింగ్ బ్లౌజు కుట్టడం నాకొచ్చు, అయినా కుట్టను. మా వీధి చివర ఒకామె కుడుతుంది. కొలత బ్లౌజు ఇస్తే చాలు, ఇంకో మాట అడగదు. నేను రెండు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టేది ఆమె రెండు గంటల్లో లాగించేస్తుంది, చంక దగ్గర ముడత రాదు. ఆమె ఇల్లు ఆ మిషన్ మీదే నడుస్తోంది. "నీకు వచ్చుగా, డబ్బులు దండగ ఎందుకు" అని మా అత్తగారు అంటారు. ఎక్కడ దండగ? నా రెండు మధ్యాహ్నాలు నాకు మిగిలాయి, ఆమె కూలి ఆమెకి ముట్టింది.

ఆమె చేయనిది, ఏ టైలరూ సంతోషంగా ఒప్పుకోనిది ఒకటుంది, ఆల్ట్రేషన్. కుట్టిన దాన్ని విప్పడం, సరిచేయడం, మళ్లీ కుట్టడం. కొత్తది కుట్టినంత టైం పడుతుంది, అంత డబ్బు అడగలేరు. అడిగితే మనం ఇవ్వం. బజారులో గిట్టుబాటు కాని పని కాబట్టి అది ఇంట్లో మిషన్ చేయాల్సిన పని.

మా తమ్ముడి కొడుక్కి ఈసారి గంగజాతరలో ఆడవేషం మొక్కుంది. తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకుని మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని వెళ్లడం మన ఊరి ఆచారం, బయటివాళ్లకి వింతగానీ మనకి కాదు. చీరకేం, ఇంట్లో బోలెడు. గొడవంతా బ్లౌజు దగ్గరే. వాడు జిమ్ముకెళ్లి పెంచిన భుజాలు. "అత్తా, రేపు సాయంత్రానికి కావాలి" అంటూ వచ్చాడు. పెళ్లి ముహూర్తాలూ జాతరా కలిసొచ్చిన ఆ వారంలో టైలర్లకి తలెత్తి చూసే తీరిక కూడా ఉండదు. నా పాత పట్టు బ్లౌజు ఒకటి తీశాను. మన టైలర్లు పక్కన రెండు మూడు వరుసలు కుట్లు వేసి గుడ్డ లోపల వదిలిపెడతారు కదా, అదే మనకి ఆధారం. సగం బ్లేడు ముక్కతో ఒక్కో కుట్టూ తెంపుతూ అన్ని వరుసలూ విప్పేశాను. ఇన్నేళ్లుగా లోపల మడతలో దాక్కున్న గుడ్డ బయటికొచ్చింది. అది ముదురు వంకాయ రంగు, పక్కనున్నదేమో వెలిసిపోయి వేరే బ్లౌజులా ఉంది. అయినా చాలలేదు. ముందు డాట్లు (ఛాతీ దగ్గర కుట్టే మడతలు) విప్పితే ఇంకో రెండంగుళాలు వచ్చింది, వాడికి డాట్లతో పనేముంది! చంక మాత్రం బిగిసింది. చేయి ఎత్తితే పటపటమనేలా ఉంది. లంగా గుడ్డలోంచి నాలుగు పలకల ముక్క ఒకటి కత్తిరించి, మొన చేతి వైపు ఒకటి, నడుం వైపు ఒకటి వచ్చేలా చంక కింద అతికాను. అలాంటి ముక్క ఉంటే చేయి ఎంత ఎత్తినా జాకెట్టు పైకి లేవదు, కుట్టు మీద లాగుడు పడదు. వాడు తొడుక్కుని, చేతులు పైకెత్తి హాల్లో చిందేసి చూశాడు. ఎక్కడా పిగల్లేదు. "టైలర్ దగ్గర ఇచ్చుంటే ఎంత అయ్యేది అత్తా?" అన్నాడు. దానికి రేటు ఉండదురా అన్నాను. ఒకే ఒళ్లు, ఒకే సాయంత్రం, ఆ తర్వాత ఎవరికీ పనికిరాదు. అలాంటి బ్లౌజుకి ఏ టైలర్ రేటు కడతాడు?

బొంత కూడా ఇదే కోవలోది. పాత నేత చీరలు, ముఖ్యంగా ఉతికి ఉతికి మెత్తబడిన వెంకటగిరి నూలు చీరలు, నాలుగైదు పొరలు పరిచి, ముడతలు తీసి, అంచులు ముందు బిగించి, తర్వాత మధ్యకి కుట్టుకుంటూ రావాలి. చేతికుట్టే, మిషన్ కింద అన్ని పొరలు కదలవు. దుప్పటి కావాలంటే బజారులో అంతకన్నా చవగ్గా దొరుకుతుంది, మెత్తగానూ ఉంటుంది. కాకపోతే ఆ చీరలు బీరువాలో ఉన్నాయి, పారేయలేం, కట్టుకోలేం. వాటికి ఇంకో దారి లేదు.

చేయకూడని పని ఏదంటే నా జాబితాలో మొదటిది కలంకారీ. ఈ ఎండాకాలం మా పాపకి ఎవరో "కలంకారీ కిట్" బహుమతిగా ఇచ్చారు. తెల్ల గుడ్డ ముక్క, దాని మీద అచ్చేసిన నెమలి, ఆక్రిలిక్ రంగుల బుడ్లు, ప్లాస్టిక్ బ్రష్. శ్రీకాళహస్తి మనకి గంట ప్రయాణం కూడా లేదు. అక్కడ గుడ్డని ముందు కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి ఎండబెడతారు. పాలలో కొవ్వు ఉండబట్టి గీసిన గీత పాకిపోదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీతలు వేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులిసిన కసిం కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లబడుతుంది. ఎర్రటి రంగు కావాల్సినచోట పటిక నీళ్లు పూసి, రంగునీళ్లలో ఉడకబెడతారు, పటిక ఉన్నంతమేరే ఎరుపు పడుతుంది. పసుపుకి కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. మధ్యమధ్య ఉతకడం, పారే నీళ్లలో జాడించడం, ఎండేయడం. వెదురుపుల్ల మొన చెక్కి, దాని మీద గుడ్డ చుట్టి, దారం కట్టిన కలంతో గీత వణకకుండా లాగడానికి ఏళ్లు పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పెట్టె మీద "కలంకారీ" అని రాసి ఆక్రిలిక్ నెమలిని అమ్మేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. పిల్లలు రంగులేసుకోవడానికి నా అభ్యంతరం ఏమీ లేదు, దానికి ఆ పేరెందుకు?

పాప ఆ నెమలికి రంగులేసుకుంది. తర్వాతి ఆదివారం శ్రీకాళహస్తి తీసుకెళ్లాను. ఒక ఇంట్లో పెద్దాయన నేల మీద గుడ్డ పరుచుకుని, ఎడమచేత్తో కలం పిండుతూ గీత లాగుతున్నాడు. ఆ గుడ్డ గుట్టల దగ్గర పుల్లని వాసన, కొంచెం పాల వాసన. పాప ముక్కు మూసుకుంది, తర్వాత మర్చిపోయి ముందుకు వంగి చూసింది. చిన్న గోడ బొమ్మ ఒకటి కొన్నాం. బేరం ఆడలేదు. ఆ డబ్బు పెట్టి ఇంకో మూడు కిట్లు కొనొచ్చు, నిజమే.

పిల్లలకి చేతిపని నేర్పడానికి కిట్లే అక్కర్లేదు, తిరుపతిలో పూలకేం కొదవ? తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాల్లో అలంకరించి తీసేసిన పూలతో 2021 నుంచి అగరుబత్తీలు చేయిస్తోంది. వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో కలిసి ఎండబెట్టిన పూలు, ఆకులతో పటాలు, చిన్నచిన్న వస్తువులు కూడా చేయించారు. ఇంట్లో అంత నైపుణ్యం రాదుగానీ, జల్లించిన పొడి ఇసుకలో పువ్వు రేకులు నలక్కుండా పూడ్చి మన ఎండలో వదిలేస్తే కొన్నిరోజుల్లో ఎండిపోతుంది. బంతి, కాగితప్పూలు బాగా నిలిచాయి. గులాబీ నల్లబడింది.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. "ఇంట్లో చేసింది కదా, ఫ్రీ." ఈ మాట మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో, కాలేజీలో స్టాఫ్ రూములో కూడా విన్నాను. ఎదురింటావిడ "చిన్న పనే, నాలుగు దిండు గలీబులు కుట్టిపెట్టవా, మిషన్ ఖాళీగానే ఉందిగా" అంది. మిషన్ ఖాళీగానే ఉంది, నేను లేను. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు, అదీ ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కేస్తే. ఆ 289 మీద ఇంకా సబ్బు కాచడం, మిద్దె తోట, బ్లౌజులు కూడా ఎక్కిస్తామంటే నేను ఒప్పుకోను. ఇష్టమై చేస్తే చేయనీండి, అది ఆమె సరదా, దాన్ని ఇంటి బడ్జెట్టులో కలపొద్దు. అవసరమై చేస్తే దానికి కూలి ఉందని ఒప్పుకోండి.

మా ఆయనతో ఈ విషయంలో వాదన ఇంకా తేలలేదు. "ప్రతిదానికీ కూలి లెక్కేస్తే ఇంట్లో ప్రేమ ఏం మిగులుతుంది" అంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు, తమ్ముడి కొడుకు బ్లౌజుకి నేనేమీ కూలి లెక్క వేయలేదు. కానీ ప్రేమ అనే మాట ఎప్పుడూ సూది పట్టుకున్న మనిషికే ఎందుకు గుర్తుచేస్తారో! ఈ వేసవిలో ఆయనకి సాయంత్రం నీళ్లు పోసే పని అప్పజెప్పాను. వేలు గుచ్చి తడి చూడటం దగ్గర్నుంచి నేర్పాను. పోస్తున్నాడు. మా వాడికి చొక్కా గుండీ కుట్టుకోవడం, ప్యాంటు అంచు ఎమ్మింగ్ చేసుకోవడం నేర్పాను. కుట్లు వంకరే, ఊడవు.

మా వదిన మాత్రం నా సంచులు చూసి వ్యాపారం పెట్టేద్దామంటోంది. పాత పట్టు అంచులు అతికి, లోపల లైనింగ్ వేసి, జిప్పు పెట్టి కుట్టిన సంచులవి, నాకూ బాగా నచ్చాయి. కూర్చుని లెక్క వేశాం. ఉపాధి హామీ పథకంలో 2025-26కి మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి 38. సంచికి ఐదు గంటలు పట్టింది, అంటే కూలే 190. లైనింగు, జిప్పు, దారం కలిపి 80. పాత చీరకి ధర వేయలేదు, కరెంటుకి వేయలేదు, లాభం అసలే వేయలేదు. 270 వచ్చింది.

"అంతకి ఎవరు కొంటారే? ఇలాంటివే బజారులో వందకి దొరుకుతాయి" అంది వదిన.

దొరుకుతాయి వదినా, నేనూ చూశాను. ఆ వందలో సంచి కుట్టినామె చేతికి ఎంత ముట్టిందో కనుక్కుని రా, అప్పుడు మన ధర ఎంతో మాట్లాడదాం అన్నాను. ఇద్దరు ముగ్గురు దుకాణాల వాళ్లని అడిగిందట. గుడ్డ ఎక్కడిదో చెప్పారు, జిప్పు ఎక్కడిదో చెప్పారు, హోల్‌సేల్ రేటు కూడా చెప్పారు. కుట్టిందెవరో మాత్రం తెలియదన్నారు.